రెండు చెవులకూ ఒకే గీత

2023 ఆగస్టు. సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసు భవనం ఆరో అంతస్తులో మా క్లినిక్. ముందు గదిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు శ్రీధర్ గారు. వెనక గదిలో నేను. నేను ఆడియాలజిస్టుని. చెవికి మందులిచ్చే పని ఆయనది. ఆ చెవి ఎంత వింటోందో కొలిచి, కాగితం మీద గీసి చూపడం నా పని. అప్పటికి ఆ పనిలో పద్దెనిమిదేళ్లు నిండాయి. నా రిపోర్టు తప్పని ఒక్కరూ తిప్పి పంపలేదు. మా తాతగారి నాటికి గోదావరి ఒడ్డున మాకు ముప్ఫై ఊళ్ల జమీ ఉండేది. నాన్నగారి నాటికి ఊళ్లు పోయాయి, నా నాటికి ఇల్లూ పోయింది. ఏది పోయినా మాట పోకూడదని నాన్నగారు నన్ను పెంచారు. నేను సంతకం పెట్టిన కాగితం కూడా అలాంటి మాటేనని నా లెక్క.

ఆ శుక్రవారం ఉదయం రిసెప్షన్‌లో ఉండే స్యూ లింగ్ నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు యాభై దాటాయి. పన్నెండేళ్లలో ఆవిడ పరుగెత్తడం నేను చూడలేదు.

“బయట ఎవరు కూర్చున్నారో తెలుసా? తావాగ్ లా! మా ఇంట్లో హెల్పర్ వంట చేసినా, ఇల్లు తుడిచినా ఇతని పాటలే!”

“ఎవరైనా ఫారం నింపాలి కదా,” అన్నాను.

‘లా’ అనేది ఇక్కడివాళ్ల ఊతపదం; తావాగ్ అంటే తగలోగ్ భాషలో పిలుపు. అది అతను వేదిక మీద పెట్టుకున్న పేరు. అసలు పేరు రోడెల్, వయసు ముప్ఫై నాలుగు. ఫిలిప్పీన్స్‌లో అప్పటికే పెద్ద ర్యాపర్. సన్నగా, గళ్ల చొక్కాలో, చూడటానికి బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. వెంట అతని అక్క మారివిక్ వచ్చింది. ఆవిడ పాసిర్ రిస్‌లో ఒకరింట్లో హెల్పర్‌గా పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. ఆ రోజుకు సెలవు అడిగి తమ్ముణ్ణి లాక్కొచ్చింది ఆవిడే.

“మంగళవారం నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో నీళ్లు దూరినట్టుందన్నాడు, మామ్. ఇవాళ్టికి నాలుగో రోజు. విమానం దిగినందువల్ల అంటాడు. నేను నమ్మను.”

“ఆతే, నువ్వేమైనా డాక్టరువా?” అన్నాడు రోడెల్. ఆతే అంటే వాళ్ల భాషలో అక్క.

“నీ ముక్కు తుడిచినదాన్ని. కూర్చో.”

అతను కూర్చునే ముందు కుర్చీని కాస్త జరిపి, కుడి చెంప నావైపు పెట్టుకున్నాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఫారం నింపుతూ మారివిక్ తమ్ముడి కథంతా చెప్పింది. పన్నెండేళ్ల వయసులో మనీలా శివార్లలో జీప్నీ అనే షేరు జీపుల స్టాండు దగ్గర నిలబడి, బండి ఎక్కడికి పోతుందో అరుస్తూ జనాన్ని ఎక్కించేవాడు. అలా పిలిచేవాళ్లు ప్రతి స్టాండులోనూ పదిమంది ఉంటారు. ఊళ్ల పేర్లకు ప్రాస కలిపి అరిచినవాడి బండే ముందు నిండుతుందని రోడెల్ వారంలో కనిపెట్టాడు. ఆ తర్వాత ర్యాప్ బ్యాటిల్స్. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వాద్యమేమీ లేకుండా, ఒకరినొకరు ప్రాసల్లో దెప్పుకుంటారు. ఎవరు గెలిచారో చుట్టూ ఉన్నవాళ్లు తేలుస్తారు. ఇరవై రెండో ఏట సింగపూర్ వచ్చి బెడోక్‌లో ఒక రెస్టారెంటులో ఆరేళ్లు వెయిటరుగా పనిచేశాడు. సెలవు రోజుల్లో హెల్పర్లు చేరే చోటికి వెళ్లి పాడేవాడు. రెస్టారెంటులో ఎవరో తీసిన ఒక వీడియో పాకిపోయి, అతన్ని మనీలా వెనక్కి పిలిచింది. ఇప్పుడు అతని కోసం అక్కడ స్టేడియంలు నిండుతాయట. ఈ ఆదివారం మొదటిసారి సింగపూర్‌లో పెద్ద థియేటరులో ప్రదర్శన.

“మొదట విన్నది మేమే కదా, మామ్. వారానికి మాకున్నది ఒక్క ఆదివారం. దాన్ని వీడికి ఇస్తున్నాం,” అంది మారివిక్.

నేను చేసే పరీక్షను ప్యూర్ టోన్ టెస్ట్ అంటారు. శబ్దం చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాం. ఎంత సన్నగా వినిపించినా నొక్కాలి. నొక్కితే శబ్దం తగ్గిస్తాం, నొక్కకపోతే పెంచుతాం. ఒక్కో శ్రుతి దగ్గర ఆ మనిషి వినగలిగిన అతి సన్నని శబ్దానికి ఒక చుక్క పెడతాం; వినికిడి తగ్గేకొద్దీ అది కిందికి దిగుతుంది. చుక్కలన్నీ కలిపితే వచ్చే గీత ఆడియోగ్రామ్. ముందు బాగున్న చెవి, తర్వాత బాగోలేని చెవి. శబ్దానికీ శబ్దానికీ మధ్య విరామం మారుస్తూ ఉండాలని చదువుకునే రోజుల్లోనే చెబుతారు. కొత్తగా చేరినవాళ్లకు నేనూ చెప్పేదాన్ని. అయితే ఏళ్లు గడిచేకొద్దీ నా చేతికి ఒక నడక పట్టేసింది. ఆ సంగతి నాకు తెలియదు.

రోడెల్ కళ్లు మూసుకుని, మోకాలు మెల్లగా ఊపుతూ నొక్కుకుంటూ పోయాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రెండు గీతలూ మామూలుగానే వచ్చాయి. కర్ణభేరి కదలికను చూసే పరీక్షలోనూ దోషం లేదు. మామూలుగా అయితే శ్రుతిదండం, అంటే ట్యూనింగ్ ఫోర్కు, కూడా మోగించి నుదుటి మీద పెట్టి చూస్తాను. గీతలు అంత శుభ్రంగా ఉండటంతో ఆ రోజు దాన్ని డ్రాయరులోంచి తీయలేదు. శ్రీధర్ గారు ఆస్పత్రిలో ఆపరేషన్‌కు వెళ్లారు. ‘వినికిడి మామూలే’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

“చూశావా ఆతే?” అన్నాడు రోడెల్. గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగాడు. “మామ్, మీరెప్పుడైనా డ్రమ్స్ వాయించారా?”

“లేదే.”

“భలే నిలకడైన చెయ్యి మీది. రెండో చెవికి వచ్చేసరికి మీతో కలిసి వాయిస్తున్నట్టే ఉంది.”

“మా ఇంట్లో అందరికీ తాళజ్ఞానం ఉంది,” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన హాకర్ సెంటరులో స్యూ లింగ్ నా ఎదురుగా కూర్చుని, ఫోను నా పళ్లెం పక్కన పెట్టింది. రోడెల్‌ను మనీలాకు చేర్చిన వీడియో అదే. తెల్ల ఆప్రాన్ కట్టుకున్న కుర్ర వెయిటరు చేతిలో కాగితం లేకుండా వంటగదిలోకి వచ్చి, ఎనిమిది టేబుళ్ల ఆర్డర్లు ప్రాసలో చెప్పేస్తాడు. వంటవాడు గరిటెతో బాణలి అంచు మీద తాళం వేస్తూ, “ఇప్పుడు వెనక నుంచి చెప్పు చూద్దాం” అంటాడు. రోడెల్ ఎనిమిదో టేబులు నుంచి మొదటి టేబులు దాకా ఒక్క పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. ఒక్కసారి విన్నదే.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. ఇది నేను ఎరిగిన విద్య. ధారణ.

మా తాతగారు ఏటా అవధానం పెట్టించేవారు. అవధాని పద్యాలు చెబుతూ, పక్కనుంచి వచ్చే ప్రశ్నలకు జవాబిస్తూ, నడుమ మోగే గంటలు కూడా లెక్కపెట్టుకోవాలి. ఆ గంట కొట్టే మర్యాద మా కుటుంబానిది. నాన్నగారు నాకు చెప్పేవారు: “గంట ఎప్పుడూ వరసగా కొట్టకూడదమ్మా. వరసగా కొడితే అవధాని వినడు, ఊహిస్తాడు. రెండు కొట్టి ఊరుకో. పద్యంలో మునిగాక ఒకటి వెయ్యి.”

పొద్దున నేను వరసగా కొట్టాను. ఇరవై నిమిషాలూ.

“ఏమైంది? తినండి లా,” అంది స్యూ లింగ్.

తినకుండానే లేచి క్లినిక్‌కు వచ్చాను. కుడి చెవి కాగితం మీద ఎడమ చెవి కాగితం పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూశాను. చుక్క మీద చుక్క కూర్చుంది. ఎంత ఆరోగ్యంగా ఉన్న మనిషికైనా రెండు చెవులూ ఇలా అచ్చుగుద్దినట్టు ఉండవు. కుడి చెవికి ఎక్కడ నొక్కాడో, ఎక్కడ ఊరుకున్నాడో ఆ వరస అతని ఒంట్లో నిలిచిపోయింది. ఎడమ చెవికి దాన్నే తిరిగి అప్పజెప్పాడు. నా చెయ్యి తాళం తప్పకుండా అందించింది.

అంటే ఆ ఎడమ చెవి సంగతి నాకు ఏమీ తెలియదు. ఉన్నట్టుండి లోపలి చెవి దెబ్బతినే జబ్బు ఒకటుంది. పైకి చెవి దిబ్బడలాగే ఉంటుంది. మొదటి రోజుల్లోనే మాత్రలు మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. గడిచే ప్రతి రోజూ ఆ ఆశను తగ్గిస్తుంది. నాలుగు రోజులు అప్పుడే పోయాయి. నా కాగితం జేబులో పెట్టుకుని అతను ఆదివారం పెద్ద స్పీకర్ల మధ్య నిలబడబోతున్నాడు.

ఇద్దరి ఫోన్లూ పలకలేదు. థియేటరులో రిహార్సల్ ఉందని మారివిక్ చెప్పిన మాట గుర్తొచ్చింది. “సోమవారం పిలుద్దాం, రిపోర్టు ఇచ్చేశాం కదా,” అంది స్యూ లింగ్. ఆ రిపోర్టు ఇచ్చినందుకే వెళుతున్నానని చెప్పి టాక్సీ ఎక్కాను.

థియేటరు వెనక గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన నన్ను ఆపాడు. “పాస్ ఉందా, ఆంటీ?”

“నేను అతని ఆడియాలజిస్టుని. అత్యవసరంగా మాట్లాడాలి.”

“పొద్దున్నుంచి ఇద్దరు నర్సులు, ఒక కజిన్, ఒక పెళ్లాం వచ్చారు. మీరు కొత్త, ఆంటీ. ఇది బాగుంది.”

ఒకరి గేటు ముందు నిలబడటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆ మాట అక్కడ ఎవరికి చెప్పను? ఆయన జాలిపడి ఇచ్చిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత మారివిక్ ఖాళీ భోజనం డబ్బాలు పడేయడానికి బయటికొచ్చింది. వీధి దద్దరిల్లేలా “ఆతే!” అని అరిచాను.

లోపల రోడెల్ స్టేజి మీద ఉన్నాడు. పాటగాళ్లకు తమ గొంతు తమకు వినిపించడానికి కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్లు పెడతారు. అతను కుడివైపు దానిమీదికి ఒరిగిపోయి పాడుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. పక్కకు పిలవవచ్చు. పిలవలేదు.

“పొద్దున నేను తప్పు చేశాను,” అన్నాను. “మీకిచ్చిన రిపోర్టు చెల్లదు. అందులో ఎడమ చెవికి ఉన్నది మీ వినికిడి కాదు, నా చేతి తాళం. మళ్లీ పరీక్ష చేయాలి. ఇవాళే.”

అతను చేతిలో మైకు దించాడు.

“నేను అబద్ధమాడలేదు, మామ్.”

“తెలుసు.”

“కొంచెం ఆడాను.” మైకు వైరు వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. “కుడివైపు ఎలా సాగిందో గుర్తుంది. ఎడమవైపు కొన్ని వినబడ్డాయి, కొన్ని రాలేదు. ఇక్కడ ఒకటి రావాలి కదా అనిపించిన చోట వేలు దానంతటదే పడింది. మొదట రెండుసార్లు అలా పడింది. తర్వాత నేనే పడనిచ్చాను. చెవి బాగోలేదని తేలితే ఆదివారం పోతుంది కదా.”

మారివిక్ చేతిలో డబ్బా మూత ఉంది. దానితోనే తమ్ముడి భుజం మీద ఒకటి వేసింది. “ఆదివారం పోతే ఇంకో ఆదివారం వస్తుంది! చెవి వస్తుందా?”

నాలుగు గంటలకు మళ్లీ నా గదిలో ఉన్నాం. ఈసారి ముందు శ్రుతిదండం మోగించి అతని నుదుటి మధ్య ఆనించాను.

“ఎటువైపు వినిపిస్తోంది?”

“కుడివైపు. కుడివైపే, మామ్.”

నుదుటి మధ్యన మోగించిన శబ్దం ఇలా ఒక పక్కకే పోతే, కర్ణభేరిలో దోషం లేనప్పుడు, రెండో పక్క లోపలి చెవి దెబ్బతిన్నదని అర్థం. అతన్ని బూత్‌లో కూర్చోబెట్టి, కుడి చెవి సాయం చేయకుండా అందులోకి హోరు వదిలాను. మైకులో చెప్పాను: “ఈసారి మీకు తాళం దొరకదు.”

“బ్యాటిలా, మామ్?”

“బ్యాటిలే.”

వెంటవెంటనే మూడు వేశాను. ఊరుకున్నాను. పది సెకన్లు, పన్నెండు. అద్దం అవతల అతని బొటనవేలు వణికింది, పడింది. “ఖాళీలో నొక్కారు,” అన్నాను. నవ్వాడు. ఒకటి వేశాను. దాని వెంటే ఇంకొకటి. మళ్లీ మౌనం. మళ్లీ వేలు పడింది. “ఖాళీ.” అతను కళ్లు తెరిచి, ఊగుతున్న మోకాలిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారి కూడా పట్టుబడ్డాడు. నాలుగోసారి నేను పదిహేను సెకన్లు ఆగాను. అతని నుదుట చెమట పట్టింది, వేలు బటన్ మీద గాలిలో నిలిచింది. పడలేదు.

అక్కడి నుంచి నిజం రావడం మొదలైంది. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఒక మనిషి వినికిడి ఎంత పోయిందో కొలుస్తూ నేను కుర్చీ అంచున కూర్చుని ఊపిరి బిగబట్టాను, ఒళ్లంతా వేడెక్కింది. పద్దెనిమిదేళ్లలో నా పని నాకు అంత ఉత్సాహం ఇచ్చిన గంట మరొకటి లేదు. పై శ్రుతుల్లో శబ్దం పెంచుతూ పోయాను. మాట్లాడే స్థాయి దాటింది. పక్కన నిలబడి కేకవేసే స్థాయికి వచ్చింది. అప్పుడు గాని వేలు కదల్లేదు. ఎడమ చెవి గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది.

అప్పుడే శ్రీధర్ గారు ఆస్పత్రి నుంచి వచ్చారు. ఆయనది వరంగల్ వైపు. నేను జమీందారుల ఇంటి పిల్లనని తెలిసిన రోజు నుంచీ నన్ను దొరసాని అని ఆటపట్టిస్తారు.

“ఏంది మేడం, పొద్దుగాల నార్మల్ అని రాసిన్రట, ఇప్పుడు ఉరికిచ్చుకుంట తీస్కొచ్చిన్రట?”

“నా తప్పండి, శ్రీధర్ గారూ. తాళం వేశాను, ఆయన అందుకున్నారు. ఆ రిపోర్టు రద్దు చేస్తూ కాగితం రాశాను, చూడండి.”

ఆయన చదివి కళ్లజోడు తీశారు. “దొరసాని తప్పయిందని సంతకం పెట్టుడా! మా తాత ఉండుంటే ఇయ్యాల ఊరంతకు కల్లు పోయించేటోడు.” అంటూనే రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ముఖంలో నవ్వు పోయింది. “మంచిగ పట్టిన్రు మేడం. ఇంక ఒక్క పూట కూడ ఆగొద్దు.”

అయిదు గంటలకు రోడెల్ మొదటి మాత్ర మింగాడు. ఆదివారం సంగతి అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపారు.

“ఈ చెవి దగ్గర పెద్ద మోత వద్దు. ఇప్పటికి మీకు నమ్మకమైన చెవి ఒక్కటే ఉంది.”

“డాక్, రెండు వేల మంది. వాళ్ల సెలవు అది.”

“నేనేం చేయను? ఆ స్పీకర్లు నేను పెట్టలేదు.”

రోడెల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “స్పీకర్లు తీసేస్తే? బ్యాండు లేదు, ట్రాకు లేదు. హాలుకు గొంతు అందేంత మైకు. చెవిలో ప్లగ్గు. జీప్నీ స్టాండులో నాకు స్పీకర్ ఎవరిచ్చారు?”

శ్రీధర్ గారు నావైపు చూశారు. నేను మారివిక్ వైపు చూశాను.

“అరగంట,” అన్నారు డాక్టరు. “ముప్ఫై ఒకటో నిమిషం వచ్చిందా, కరెంటు నేనే తీసేస్తా.”

ఆదివారం మధ్యాహ్నం నేనూ వెళ్లాను. మారివిక్ మూడో వరసలో ఒక సీటు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకోసం చోప్ చేసింది, హాకర్ సెంటరులో జనం టిష్యూ పెట్టి టేబులు పట్టుకున్నట్టు. టిక్కెట్లున్న థియేటరులో!

రోడెల్ ఒంటరిగా వచ్చి నిలబడ్డాడు. వెనక బ్యాండు లేకపోయేసరికి హాలంతా గుసగుసలు. చెవి సంగతి దాచకుండా చెప్పాడు. “ఇవాళ చప్పట్లు వద్దు, అరుపులు వద్దు. చిటికెలు వెయ్యండి. నా తాళం మీరే,” అన్నాడు. ఒక వరస మొదలుపెట్టింది, ఇంకో వరస అందుకుంది. రెండు వేల మంది చిటికెలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ వినలేదు. రేకుల కప్పు మీద చినుకులు పడుతున్నట్టు ఉంది. ఆ చినుకుల మీద అతని గొంతు లేచింది.

పాటలు కాసేపే. ఆ తర్వాత, “ఒక్కో మాట ఇవ్వండి” అన్నాడు. “అడోబో!” అని తమ దేశపు కూర పేరు అరిచింది ఒకావిడ. “మా మేడమ్ ఫ్రిజ్!” అంది ఇంకొకావిడ. “కాంట్రాక్టు!” “మా బాబు దంతం!” వచ్చిన మాటనల్లా పట్టుకుని, ముందు వచ్చినదానికి ముడివేసి, ప్రాస తప్పకుండా వెనక్కి విసురుతున్నాడు. పక్కన మారివిక్ నా చెవిలో గబగబా ఇంగ్లీషులో చెబుతోంది, నవ్వు ఆపుకోలేక సగం మింగేస్తోంది. మా వంశంలో కళాకారులను మా దగ్గరికి పిలిపించుకునేవాళ్లమే గాని, ఎక్కడికో వెళ్లి చూసినవాళ్లు లేరు. అలాంటిది, నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు.

“ఆడియోగ్రామ్!” అని అరిచాను.

అతను నన్ను గుర్తుపట్టి పగలబడి నవ్వాడు. చిటికెలు నాలుగు ఆవర్తాలు సాగనిచ్చి అందుకున్నాడు. మారివిక్ చెప్పిన అర్థం ఇది: ‘ఒక గాజు గదిలో ఒకావిడ నాకు నిశ్శబ్దం వినిపించింది. నేను దానికి కూడా తాళం వేశాను. ఆవిడ గేటు దాకా వచ్చి అంది: తమ్ముడూ, అక్కడ పాట లేదు.’ హాలు చప్పట్లు వద్దన్న సంగతి మరిచిపోబోయి, గుర్తు తెచ్చుకుని, ఇంకా వేగంగా చిటికెలు వేసింది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ శ్రీధర్ గారు గడియారం చూసుకోవడం మానేశారు. అరగంట ముప్ఫై ఆరు నిమిషాలయింది. కరెంటు ఎవరూ తీయలేదు.

మనీలా టిక్కెట్టు వాయిదా వేసుకుని రోడెల్ మూడు వారాలు సింగపూర్‌లోనే ఉండి మందులు వాడాడు. చివరి పరీక్ష రోజు కింది శ్రుతులన్నీ తిరిగి వచ్చాయి. మాట వినిపించే శ్రుతులు దాదాపు పూర్తిగా వచ్చాయి. పై శ్రుతులు రెండు మాత్రం రాలేదు. వాటి దగ్గర నేను శబ్దం వేశాను, అద్దం లోంచి చూశాను. అతను బటన్ మీద వేలు ఉంచి, తల కొంచెం వంచి, చాలాసేపు వెతికాడు. అక్కడ ఒకటి వచ్చి ఉంటుందని అతనికి తెలుసు. కోరిక ముఖంలో కనిపిస్తోంది. నొక్కలేదు. ఆ చుక్క కిందనే పెట్టాను.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే ఆ శుక్రవారం ఉదయం కాగితాలు ఇచ్చి, తప్పెక్కడుందో వెతకమంటాను. రోగి పేరు కొట్టేసి ఉంటుంది, నా పేరు ఉంచాను. చాలామంది యంత్రంలో వెతుకుతారు, కొందరు రోగిని అనుమానిస్తారు. పరీక్షలో ఇద్దరు కూర్చుంటారని, బటన్ ఇద్దరి చేతుల్లోనూ ఉంటుందని ఆ కేసు నాకు నేర్పింది. రోగి మనసులో ఏ జవాబు కావాలని ఉందో ముందు తెలుసుకోవాలి. నాకు ఏ జవాబు అందంగా కనబడుతోందో అంతకన్నా ముందు తెలుసుకోవాలి. శుభ్రమైన గీత చూసి ముచ్చటపడినప్పుడల్లా లేచి వెళ్లి శ్రుతిదండం తెచ్చుకుంటాను.